మెడ విరిస్తే మైగ్రేన్ తగ్గుతుందా?

ఏళ్ల తరబడి మైగ్రేన్‌తో వేగుతున్నవాళ్లను కదిపి చూడండి. నొప్పి కంటే ముందు మాత్రల సంగతే ఎత్తుతారు. మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే మందుల్లో ప్రొప్రనలాల్‌తో నీరసం, ఆస్తమా ఉన్నవాళ్లకైతే అది అసలు పనికిరాదు. ఫ్లునారిజిన్‌తో మగతగా ఉంటుంది, బరువు పెరుగుతుంది. టోపిరమేట్‌తో వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మాట్లాడుతుంటే పదం నోటికి రాదు, గర్భిణులు వాడితే కడుపులో బిడ్డకు ప్రమాదం. పోనీ, రోజూ మందులెందుకు, నొప్పి వచ్చినప్పుడే ఏదో ఒకటి వేసుకుందామనుకుంటే అక్కడా చిక్కే. మైగ్రేన్ నొప్పికే వాడే ట్రిప్టాన్లు, కాంబినేషన్ మాత్రలు నెలకు 10 రోజులు, మామూలు పారాసిటమాల్ లాంటివి 15 రోజులు దాటి నెలల తరబడి వాడితే, ఆ మాత్రల వల్లే ఇంకో తలనొప్పి మొదలవుతుంది.

ఇలా విసిగిపోయి ఉన్నప్పుడు ఫోన్లో ఒక రీల్ కనిపిస్తుంది. ఒకాయన బల్ల మీద పడుకున్న మనిషి తలను రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లగా ఒక పక్కకు వంచుతాడు, ఉన్నట్టుండి విసురుగా తిప్పుతాడు. మైకులో టకటకా చప్పుడు. పడుకున్నవాళ్ల ముఖం విచ్చుకుంటుంది. కింద ‘మందుల్లేకుండా మైగ్రేన్‌కు చెక్’ అని రాసి ఉంటుంది. అమెరికాలో ఉండే మనవాళ్లకైతే ఇది రీల్ దగ్గర ఆగదు. వీధి చివర షాపింగ్ ప్లాజాలోనే, ఇలా వెన్నుపూసలను చేత్తో సర్దే కైరోప్రాక్టర్ బోర్డు ఉంటుంది, ఇన్సూరెన్సు కూడా చాలాసార్లు కొంత భరిస్తుంది. వెళ్లి వచ్చినవాళ్లు ‘నాకు తగ్గింది’ అని చెబుతారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. తగ్గడం నిజమే. దేనివల్ల తగ్గింది, దానికోసం మెడను అంత విసురుగా తిప్పాల్సిన అవసరం ఉందా అన్నవి మాత్రం జాగ్రత్తగా చూడాల్సిన ప్రశ్నలు.

ఇది కొద్దిమందికి సంబంధించిన విషయం కాదు. మన పక్కనే కర్ణాటకలో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో, ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవాళ్లు నూటికి 25 మంది అని తేలింది. ఆడవాళ్లలో ఇది మగవాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. మనిళ్లలో చాలామంది దీన్ని గ్యాస్ అనో, సైనస్ అనో, కళ్లజోడు మార్చాలనో అనుకుంటూ, తలకు గుడ్డ బిగించి కట్టుకుని పని చేసుకుపోతుంటారు.

కైరోప్రాక్టిక్ ఎక్కడ పుట్టింది

1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ ఊళ్లో డి.డి. పామర్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు. ఆయన డాక్టర్ కాదు, అప్పటిదాకా అయస్కాంత చికిత్స పేరుతో వైద్యం చేస్తుండేవాడు. హార్వీ లిల్లర్డ్ అనే మనిషికి వెన్నుపూస సరిచేస్తే పోయిన వినికిడి తిరిగి వచ్చిందని చెప్పుకున్నాడు. వెన్నుపూసలు కొద్దిగా పక్కకు జరగడం వల్ల నరాల మీద ఒత్తిడి పడుతుంది, దాంతో ఒంట్లో సహజశక్తి ప్రవాహం ఆగుతుంది, దాదాపు రోగాలన్నిటికీ మూలం అదే, చేత్తో పూసను సర్దితే రోగం పోతుంది అన్నది ఆయన సిద్ధాంతం. పూసలు ఇలా పక్కకు జరగడాన్ని సబ్‌లక్సేషన్ అన్నాడు.

నూట పాతికేళ్లు దాటినా ఆ సబ్‌లక్సేషన్ రోగాలు తెస్తుందని ఎవరూ నిరూపించలేకపోయారు. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే 2010లో, అది చరిత్రలో మిగిలిన భావన మాత్రమేనని, రోగాలకు అదే కారణం అనడానికి పరిశోధనల ఆధారం లేదని ప్రకటించింది. అందుకే ఈరోజు కైరోప్రాక్టర్లందరినీ ఒకే గాట కట్టడం తప్పు. నడుం నొప్పి, మెడ నొప్పి వరకే పరిమితమై, వ్యాయామాలు నేర్పి, తమ చేతిలో లేని కేసును డాక్టర్ దగ్గరికి పంపేవాళ్లు ఉన్నారు. ఎక్స్‌రే తీసి ‘చూడండి, మీ పూస జరిగింది, 40 సిట్టింగులు పడతాయి’ అని ముందే ప్యాకేజీ అమ్మేవాళ్లూ ఉన్నారు. ఈ రెండోరకం దగ్గర మైగ్రేన్ ఉన్న మనిషి నిలవకపోవడమే మంచిది.

అమెరికాలో ఇది చట్టబద్ధమైన వృత్తి. 50 రాష్ట్రాల్లోనూ లైసెన్సు ఉండాలి, దానికి ప్రత్యేకమైన డిగ్రీ చదవాలి. మనదేశంలో డాక్టర్లకు మెడికల్ కమిషన్ ఉన్నట్టు కైరోప్రాక్టర్ల కోసమంటూ విడిగా ఒక కౌన్సిల్ లేదు. విదేశంలో ఏళ్లపాటు చదివి వచ్చినవాళ్లకూ, వారాంతపు కోర్సు చేసి మెడలు తిప్పేవాళ్లకూ బయటి బోర్డు చూస్తే తేడా తెలియదు. మనదగ్గర ఈ విషయంలో నాకున్న పెద్ద ఆందోళన ఇదే.

ఇక ఆ ‘టక్’ చప్పుడు. వినగానే ఏదో ఎముక తన చోటికి వచ్చి కూర్చుందని మనసుకు అనిపిస్తుంది. నిజానికి కీళ్ల మధ్య ఉండే ద్రవంలో వాయువు కరిగి ఉంటుంది. కీలును ఒక్కసారిగా లాగినప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి ఖాళీ ఏర్పడుతుంది. చప్పుడు అప్పుడు వస్తుంది. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎమ్మారై స్కానర్ లోపల వేళ్ల మెటికలు విరిచి మరీ దీన్ని చిత్రించారు. అంటే మెడలో వచ్చే చప్పుడుకూ, మనం పొద్దున్నే విరుచుకునే వేళ్ల చప్పుడుకూ తేడా లేదు. చప్పుడు వచ్చిందంటే ఏదో సరైందని కాదు, రాకపోతే వైద్యం కుదరలేదనీ కాదు.

మెడ మీద అనుమానం ఎందుకు

మైగ్రేన్ వచ్చేవాళ్లలో చాలామందికి మెడ పట్టేస్తుంది. కొందరికి తలపోటు మొదలవక ముందే మెడ బిగుసుకుంటుంది. దాంతో ‘మెడ నరం పట్టేసింది, అందుకే తలనొప్పి’ అనుకోవడం చాలా సహజం. కానీ శరీర నిర్మాణం వేరే కథ చెబుతుంది.

ముఖం నుంచి, మెదడు చుట్టూ ఉన్న పొరల నుంచి నొప్పి కబురును మోసుకొచ్చేది ట్రైజెమినల్ నరం. మెడ పైభాగం నుంచి వచ్చే మొదటి మూడు నరాలు కూడా వెళ్లి, మెదడు కాండం కిందిభాగంలో ఈ ట్రైజెమినల్ నరం చేరే చోటే కలుస్తాయి. రెండు ఊళ్ల ఫోన్లూ ఒకే ఎక్స్‌ఛేంజికి వెళ్లినట్టు, ఏ లైన్లో గోల మొదలైనా రెండో లైన్లోనూ వినిపిస్తుంది. మైగ్రేన్‌లో గోల ఎక్కువగా తలలో మొదలై మెడలో వినిపిస్తుంది. అంటే చాలామందిలో మెడనొప్పి మైగ్రేన్‌కు కారణం కాదు, మైగ్రేన్‌లో ఒక భాగం. కొందరికి మైగ్రేన్ రాబోతోందని ముందే చెప్పే సూచన కూడా అదే.

మైగ్రేన్ అసలు మెదడులో ఉండే తత్వం. కుటుంబాల్లో వస్తుంది. నిద్ర చెడినా, పూట భోజనం తప్పినా, నెలసరి దగ్గరపడినా, ఎండ కొట్టినా ఆ మెదడు తట్టుకోలేదు. ట్రైజెమినల్ నరాల కొసల నుంచి సీజీఆర్‌పీ అనే పదార్థం విడుదలై నొప్పిని రేపుతుంది. దీన్ని కనిపెట్టి దారి చూపిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో, మెదడు పరిశోధనలకు ఇచ్చే బ్రెయిన్ ప్రైజ్ వచ్చింది. ఆ పరిశోధన నుంచే సీజీఆర్‌పీని అడ్డుకునే కొత్త ఇంజెక్షన్లు, మాత్రలు పుట్టాయి. మన ఆడవాళ్లలో చాలామంది ‘తలస్నానం చేస్తే తలనొప్పి వస్తుంది’ అంటారు కదా. దాన్ని మూఢనమ్మకంగా కొట్టిపారేయనక్కర్లేదు. 94 మంది భారతీయ రోగులను పరిశీలించి, తలస్నానం కొందరిలో మైగ్రేన్‌ను రేపుతుందని 2006లో ఒక వైద్య పత్రికలో రాశారు.

మెడ నుంచే పుట్టే తలనొప్పి కూడా ఒకటి ఉంది, దాన్ని సర్వికోజెనిక్ తలనొప్పి అంటారు. అది సాధారణంగా ఒకే పక్క ఉంటుంది, పక్క మారదు. మెడ తిప్పితే, ఫలానా చోట నొక్కితే నొప్పి లేస్తుంది. మెడ కదలిక తగ్గిపోతుంది. దానికి మెడకు చేసే చికిత్స, ఫిజియోథెరపీ పనిచేస్తాయి. మైగ్రేన్ తీరు వేరు. నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా పోటు, వాంతి వచ్చేట్టు ఉండటం, వెలుతురూ చప్పుడూ పడకపోవడం, మెట్లెక్కినా నొప్పి పెరగడం. ‘కైరోప్రాక్టర్ దగ్గర నా మైగ్రేన్ పూర్తిగా పోయింది’ అనేవాళ్లలో కొందరికి ఉన్నది మైగ్రేన్ కాకపోవచ్చు. అసలు ఏ తలనొప్పో తేల్చుకోకుండా చికిత్స ఎంచుకోవడం దగ్గరే చాలా గందరగోళం మొదలవుతోంది.

నార్వేలో చేసిన పరీక్ష

మైగ్రేన్‌కు మెడ సర్దుడు పనిచేస్తుందా అని చూసిన అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. 1998లో అమెరికాలో 218 మందిని మూడు జట్లు చేసి, ఒకరికి మైగ్రేన్ రాకుండా వాడే అమిట్రిప్టిలిన్ మాత్ర, ఒకరికి వెన్నుపూస సర్దుడు, ఒకరికి రెండూ ఇచ్చారు. మూడు జట్లకూ ఇంచుమించు ఒకేలా మేలు కనిపించింది. 2000లో ఆస్ట్రేలియాలో 127 మందితో చేసిన పరీక్షలోనూ మంచి ఫలితమే వచ్చింది. 2019లో ఇలాంటి ఆరు అధ్యయనాలను, మొత్తం 677 మందిని కలిపి లెక్కగట్టితే, మైగ్రేన్ రోజులు కొద్దిగా తగ్గినట్టు తేలింది. కైరోప్రాక్టిక్ వెబ్‌సైట్లలో ఎక్కువగా కనిపించేవి ఇలాంటి అధ్యయనాలే.

ఇక్కడొక చిక్కుంది. మాత్రల పరీక్షలో ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం తేలిక, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. చేతి వైద్యంలో ఉత్తుత్తి చికిత్స ఎలా చేస్తారు? మెడ తిప్పారో లేదో రోగికి తెలిసిపోతుంది కదా. తెలిసినప్పుడు, తగ్గింది చికిత్స వల్లో నమ్మకం వల్లో చెప్పలేం. పాత అధ్యయనాలు ఈ చిక్కును దాటలేకపోయాయి.

దీన్ని ఎదుర్కొన్నవాడు నార్వేకు చెందిన అలెగ్జాండర్ చైబీ. ఆయన స్వయంగా కైరోప్రాక్టర్. తన వృత్తిని తానే ఇంత కఠినమైన పరీక్షకు నిలబెట్టినందుకు ఆయన మీద నాకు గౌరవం. ఆయన బృందం 104 మంది మైగ్రేన్ రోగులను మూడు జట్లుగా విడగొట్టింది. మొదటి జట్టుకు కైరోప్రాక్టర్లు వాడే గోన్‌స్టెడ్ అనే పద్ధతిలో అసలైన వెన్నుపూస సర్దుడు. మూడో జట్టు తమ మామూలు మందులు తాము వాడుకుంటూ ఉండాలి. రెండో జట్టుకు ఉత్తుత్తి చికిత్స. దాన్ని తయారుచేసిన తీరు చూడండి. రోగిని అసలు చికిత్సకు లాగే పరీక్షించి, అదే బల్ల మీద పడుకోబెట్టి, భుజం రెక్క అంచు మీదో పిరుదు మీదో పక్కకు ఒక తోపు ఇచ్చేవాళ్లు. వెన్నుపూస జోలికి వెళ్లేవాళ్లు కాదు. మూడు నెలల్లో 12 సిట్టింగులు. ప్రతి సిట్టింగు తర్వాత ‘మీకు అసలు చికిత్స అందిందనుకుంటున్నారా’ అని అడిగారు. రెండు జట్లలోనూ నూటికి 80 మందికి పైగా అవుననే అన్నారు. చేతి వైద్యంలో ఉత్తుత్తి చికిత్స సాధ్యమేనని దాంతో తేలింది.

ఫలితం 2017లో వచ్చింది. మూడు జట్లలోనూ మైగ్రేన్ రోజులు తగ్గాయి. ఆ తర్వాత ఏడాది పాటు గమనిస్తే, మందుల జట్టు పాత స్థితికి వచ్చేసింది. మెడ సర్దించుకున్న జట్టులో మేలు నిలిచింది. భుజం మీద తోపు తిన్న జట్టులోనూ అంతే నిలిచింది. ఆ రెండు జట్ల మధ్య తేడా లేదు. వచ్చిన మేలు బహుశా ప్లాసిబో ప్రభావమేనని, అంటే చికిత్స అందుతోందన్న నమ్మకం వల్ల వచ్చిందేనని ఆ బృందమే రాసింది.

ఈ ఫలితాన్ని ‘అంతా భ్రమ’ అని చదివేవాళ్లతో నేను ఏకీభవించను. ఏడాది పాటు మైగ్రేన్ రోజులు తగ్గాయంటే ఆ మనిషికి అది పెద్ద ఊరట. ఎవరో ఒకరు తీరిగ్గా కూర్చుని నొప్పి గురించి అడిగారు, చేత్తో తాకారు, వారం వారం రమ్మన్నారు. మన ఆసుపత్రుల్లో ఐదు నిమిషాల ఓపీలో దొరకనిది అక్కడ దొరికింది. దీనికి తోడు, జనం చికిత్సకు వెళ్లేది నొప్పులు ముదిరిన నెలలోనే. మైగ్రేన్ స్వభావమే ఎక్కువా తక్కువా అవుతుండటం, కాబట్టి ఆ మరుసటి నెల ఏమీ చేయకపోయినా కొంత తగ్గుతుంది. ఇవన్నీ కలిసి మేలు చేశాయి. ఆ మేలుకు మెడ విరుపు అక్కర్లేదని నార్వే పరీక్ష చెబుతోంది. 104 మందితో చేసిన ఒక్క పరీక్షతో విషయం తేలిపోయిందనలేం, నిజమే. కానీ ఇప్పటిదాకా ఉన్నవాటిలో ఉత్తుత్తి చికిత్సతో ఇంత పకడ్బందీగా పోల్చింది ఇదే అని నా అభిప్రాయం.

మెడలో ఉన్న రక్తనాళం

మెడ విరవకుండానే అదే మేలు వస్తుందంటే, విరవడంలో ఉన్న ప్రమాదం ఎంత చిన్నదైనా లెక్కలోకి వస్తుంది.

మెదడు వెనుకభాగానికి రక్తం తీసుకెళ్లే వర్టిబ్రల్ ధమనులు రెండు, మెడపూసల పక్కన ఉండే రంధ్రాల గుండా పైకి వెళ్తాయి. మొట్టమొదటి పూస దగ్గర అవి మెలిక తిరిగి పుర్రెలోకి దూరతాయి. మెడను విసురుగా తిప్పినప్పుడు ఎక్కువగా సాగేది ఆ మెలిక దగ్గరే. ధమని లోపలి పొర చీలితే అక్కడ రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ కదిలి మెదడుకు చేరితే పక్షవాతం. వయసులో ఉన్నవాళ్లకు వచ్చే పక్షవాతానికి ఇలాంటి చీలిక ఒక ముఖ్య కారణం.

మెడ సర్దుడు వల్లే చీలిక వస్తుందా అన్నది ఇంకా తేలలేదు. 2008లో కెనడాలోని ఒంటారియో రికార్డులు చూసిన పరిశోధకులు, పక్షవాతానికి ముందు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లు ఉన్నట్టే, మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లూ ఉన్నారని గమనించారు. అంటే చీలిక ముందే మొదలై, ఆ మెడనొప్పి తట్టుకోలేకే కొందరు అక్కడికి వెళ్లి ఉండవచ్చు. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రెండు వైపులా తూచి, సంబంధం కనిపిస్తోంది, కారణమని రుజువు కాలేదు, అయినా చికిత్సకు ముందు రోగికి ఈ సంగతి చెప్పాలి అంది. ప్రమాదం అరుదే. కానీ మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఈ ధమని చీలిక మిగతావాళ్ల కంటే కొంచెం ఎక్కువగా కనిపిస్తుందని కూడా అధ్యయనాలు చెబుతున్నాయి. పైగా చీలిక మొదలైనప్పుడు వచ్చే మెడనొప్పి, తలనొప్పి అచ్చం మైగ్రేన్‌లాగే అనిపించవచ్చు. అలాంటి మెడను విసురుగా తిప్పడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

మన ఊళ్లలో కైరోప్రాక్టర్ల కంటే సెలూన్లలోనే మెడలు ఎక్కువ విరుగుతున్నాయి. కటింగ్ అయ్యాక హెడ్ మసాజ్, చివర్లో గడ్డం ఒక చేత్తో, తల వెనుక ఒక చేత్తో పట్టుకుని అటొక విరుపు, ఇటొక విరుపు. చేసేవాళ్లకు లోపల ఏ నాళం ఉందో తెలియదు, చేయించుకునేవాళ్లకు హాయిగా ఉంటుంది. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ల మహిళకు బ్యూటీ పార్లర్లో తల కడిగించుకుంటుండగా కళ్లు తిరిగి, వాంతులయ్యాయి, అది పక్షవాతమని తర్వాత తేలింది. వాష్‌బేసిన్ అంచు మీద మెడ వెనక్కి వాలినప్పుడు ధమని నొక్కుకుపోయిందని చికిత్స చేసిన న్యూరాలజిస్టు వివరించారు. మసాజ్ చేయించుకోండి, తప్పులేదు. ‘మెడ మాత్రం విరవొద్దు అన్నా’ అని కుర్చీలో కూర్చోగానే చెప్పేయండి.

మందులు లేకుండా ఇంకేం చేయొచ్చు

మందులు వద్దనుకోవడానికి గట్టి కారణాలున్నవాళ్లు ఉన్నారు. గర్భిణులు, పిల్లలకు పాలిచ్చేవాళ్లు, ఇప్పటికే వేరే జబ్బులకు గుప్పెడు మాత్రలు మింగేవాళ్లు. వాళ్లకు చూపించడానికి దారులున్నాయి.

ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు 160 మందితో మొదలుపెట్టి మూడు నెలలు చేసిన పరీక్ష 2020లో అచ్చయింది. మందులొక్కటే వాడినవాళ్ల కంటే, మందులతో పాటు యోగా చేసినవాళ్లలో తలనొప్పులూ, మాత్రల వాడకమూ బాగా తగ్గాయి. యోగా చేస్తున్నట్టు చేసేవాళ్లకు తెలుస్తుంది కాబట్టి, నమ్మకం పాత్ర ఇందులోనూ ఉండే ఉంటుంది. తేడా ఏమిటంటే ఇక్కడ మెడ ధమనికి ప్రమాదం లేదు, ఒకసారి నేర్చుకుంటే ఖర్చూ లేదు. శీర్షాసనం, సర్వాంగాసనం లాంటివి మెడ మీద భారం వేస్తాయి కాబట్టి వాటిని పక్కన పెట్టండి. స్వీడన్‌లో 91 మందితో చేసిన పరీక్షలో వారానికి మూడుసార్లు 40 నిమిషాల వ్యాయామం, టోపిరమేట్ మాత్ర, రిలాక్సేషన్ శిక్షణ, మూడూ ఇంచుమించు ఒకే మేలు చేశాయి. ఒంట్లో బిగువు, గుండె వేగం లాంటివాటిని యంత్రంలో చూస్తూ అదుపు చేసుకోవడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్‌ను, రిలాక్సేషన్ పద్ధతులను అమెరికా తలనొప్పి నిపుణుల మార్గదర్శకాలు 2000లోనే మంచి ఆధారాలున్నవిగా గుర్తించాయి. మనదగ్గర నేర్పేవాళ్లు తక్కువ, అదే బాధ.

పడుకునే వేళ, లేచే వేళ, తినే వేళ మారకుండా చూసుకోవడం అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే కష్టమైనది కూడా. నైట్ షిఫ్టుల్లో ఉన్నవాళ్లకూ, ఇంటిల్లిపాదీ తిన్నాక గానీ కంచం ముందు కూర్చోని అమ్మలకూ అది చెప్పినంత తేలిక కాదు. కార్తీక మాసం ఉపవాసాల్లో తలనొప్పి తప్పనివాళ్లు ఒక పూట పాలూ పళ్లూ అయినా తీసుకుంటే దేవుడేమీ అనుకోడని నా నమ్మకం.

ఇన్ని చెప్పాక కూడా కైరోప్రాక్టర్ దగ్గరికే వెళ్లాలనుకునేవాళ్లు ఉంటారు, అది వాళ్ల ఇష్టం. ముందు న్యూరాలజిస్టుతో అది మైగ్రేనే అని నిర్ధారించుకోండి. వెళ్లిన చోట మెడను విసురుగా తిప్పే పద్ధతి వద్దని చెప్పి, కండరాలు సడలించడం, నెమ్మదిగా సాగదీయడం, వ్యాయామాల వరకే చేయించుకోండి. ఆ మాట విని ఒప్పుకోనివాళ్ల దగ్గర కూర్చోవద్దు. వాడుతున్న మాత్రలు మానేయమని వాళ్లు చెబితే వినొద్దు, డాక్టర్‌ను అడక్కుండా నివారణ మందులు ఆపితే నొప్పులు తిరగబెట్టవచ్చు. ఇంతకుముందెప్పుడూ లేనట్టు ఉన్నట్టుండి మెడ వెనుక తీవ్రమైన నొప్పి, నడకలో తూలు, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, ఒక కనురెప్ప వాలిపోవడం, వీటిలో ఏది వచ్చినా, మెడ తిప్పించుకున్న గంటకైనా నాలుగు రోజులకైనా, పక్షవాతానికి చికిత్స చేసే పెద్దాసుపత్రికి వెంటనే వెళ్లాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా ఉండే గడువు నాలుగున్నర గంటలే.

మొదటి సిట్టింగుకు ముందు ఒక నెల పాటు డైరీ రాయండి. ఏ రోజు నొప్పి వచ్చింది, ఎన్ని గంటలు ఉంది, ఏ మాత్ర ఎన్ని వేసుకున్నారు, నెలసరి ఎప్పుడు, నిద్ర ఎంత. చికిత్స మొదలయ్యాక మూడు నెలలు అదే రాస్తూ పోండి. మూడు నెలల తర్వాత నొప్పి రోజులు తగ్గకపోతే ఇంకో ప్యాకేజీకి డబ్బు కట్టొద్దు. ఆ డైరీనే న్యూరాలజిస్టుకు చూపించండి.